కావలి వేంకట బొర్రయ్యగారి చరిత్రము: ఇంటిపేళ్ల విచారమునకు తోడుగా



చిత్తూరు వైపునుండి మొగిలి కనుమ నెక్కి పడమటికి వచ్చు బాటసారికి మొదట నెదురగు పెద్ద యూరు మన పలమనేరు. సముద్రమట్టమునకు సుమారు 2,200 అడుగుల యెత్తున నున్న యీ చల్లని ప్రదేశము, నీలగిరుల సంగతి తెల్లవారికి తెలియక పూర్వము, చెన్నపట్టణపు దొరలకు వేసవి విడిదిగా నుండెడిది. 1791వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున కారన్‌వాలిసు ప్రభువు టిప్పు సుల్తానుపైకి సేనలను నడిపించుకొని బెంగుళూరునకు బోయినది యీ కనుమదారినే. తెలుగు, అరవము, కన్నడము అను మూడు భాషలును సంతలో నొక్క బేరములోనే వినవచ్చు నిట్టి సరిహద్దు సీమలో ఇంటిపేరన్నది వట్టి పేరు కాదు. అది తాతముత్తాతలు విడిచి వచ్చిన యూరి యానవాలు. మాట మారినను, వేషము మారినను, అక్షింతలు వేయునాడును పిండము పెట్టునాడును ఆ పేరు మరల నోటికి వచ్చును.

ఈ నడుమ మనవారిలో పలువురు, ముఖ్యముగా విద్యకొఱకును ఉద్యోగము కొఱకును దేశాంతరములలో నున్న యువకులు, తమ యింటిపేరు పుట్టుక నెఱుంగవలెనని కుతూహలపడుచున్నారు. కొందఱు చిన్న సీసాలో ఉమ్మినీరు పట్టి పరదేశపు కంపెనీలకు పంపి, డి.ఎన్.ఏ. పరీక్ష చేయించుకొని, వచ్చిన కాగితములను మాబోటి ముసలివారి చేతిలో బెట్టి, ఇందు మన యూరు ఎక్కడ నున్నదని యడుగుచున్నారు. ప్రశ్న మంచిదే. దానికి నేరుగా సమాధానము చెప్పుటకంటె, ఈ దేశమున వంశావళులను వెదకి, అడిగి, వ్రాయించి, సరిచూచుటయే పనిగా బ్రదికి, నిండు యౌవనముననే గతించిన యొక తెలుగు నియోగి యువకుని చరిత్రము చెప్పుట మేలని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాను. ఆయన కావలి వేంకట బొర్రయ్య. మెకంజీ దొర పేరు విన్నవారు పలువురు కలరు. దొర వెనుక నున్న బొర్రయ్య పేరు విన్నవారు మనలోనే తక్కువ.

బొర్రయ్యగారు 1776వ సంవత్సరమున ఏలూరునందు జన్మించిరి. తండ్రి వేంకట సుబ్బయ్యగారు. తమ్ములలో లక్ష్మయ్యగారును, రామస్వామిగారును తరువాత కీర్తికెక్కిరి. నియోగులకు లౌకిక వ్యవహారము కులవిద్య. కరణీకము, దుబాసీతనము, జాబు వ్రాయుట, జాబు చదువుట, లెక్క కట్టుట, ఏ సర్కారు వచ్చినను ఆ సర్కారు భాషను ఆఱు నెలలలో నేర్చుకొనుట, ఇవి యా కాలపు నియోగి బాలునకు ఉగ్గుబాలతో వచ్చిన విద్యలు. గోలకొండ నవాబులనాడు పారసీకము నేర్చిన యిండ్లవారే కుంపిణీ వచ్చినంతనే ఇంగ్లీషు నేర్చిరి. బొర్రయ్యగారికి సంస్కృతాంధ్రములందు చిన్ననాటనే ప్రవేశము గలిగెను. పద్యము చెప్పు నేర్పును గలదు. తరువాత హిందూస్తానీ, ఇంగ్లీషు, కన్నడము మున్నగు భాషలను సంపాదించుకొనిరి. ఆయన బాల్యమును గూర్చి మనకు దెలిసినదంతయు తమ్ముడు రామస్వామిగారు 1829లో కలకత్తాలో ప్రకటించిన దక్కను కవుల చరిత్ర మను ఇంగ్లీషు గ్రంథము వలననే ముఖ్యముగా తెలియవచ్చుచున్నది. అన్నగారిని గూర్చి తమ్ముడు వ్రాసినది గావున కొంత ప్రేమ కలసియుండును. ఆ ప్రేమను తీసివైచినను మిగులునది కొంచెము కాదు.

కాలిన్ మెకంజీ స్కాట్లండు దేశపు పడమటి సముద్రమునందలి లూయిసు దీవిలో స్టార్నొవే యను పట్టణమున బుట్టినవాడు. 1783లో కుంపిణీ సైన్యమున ఇంజనీరుగా హిందూదేశమునకు వచ్చెను. రాకముందే ఆయనకు హిందువుల గణితశాస్త్రమును గూర్చి తెలిసికొనవలెనను కోరిక యుండెను. లాగరితములను కనిపెట్టిన నేపియరు పండితుని వంశీయులైన ప్రభువులు తమ పూర్వుని చరిత్ర వ్రాయింపబూని, యా పనికి ఆయన సాయమును గోరియుండిరి. తమాషా యేమనగా, ఈ దేశపు వంశావళుల నన్నిటిని కూర్చిన యా మహాప్రయత్నమునకు బీజము కూడ ఒక దొరల యింటివారు తమ తాతను గూర్చి వెదకుటలోనే యున్నది. అయితే వచ్చిన తరువాత పదుమూడేండ్లు దండయాత్రలతోను కోటలతోను గడచిపోయెను. ఆయనకు దేశభాషలు రావు. ఈ సంగతి యాయనయే దాచక చెప్పుకొనెను. 1796లో సింహళదండయాత్రనుండి తిరిగివచ్చిన పిమ్మట, ప్రయత్నముచేత గాక దైవికముగా, బొర్రయ్యగారితోడి పరిచయము గలిగెను. అప్పటికి బొర్రయ్యగారికి ఇరువదియేండ్లు. హైందవ విజ్ఞానపు వాకిలి తనకు దెఱచినవాడు ఈ బ్రాహ్మణ బాలుడే యని మెకంజీ 1817లో తన మిత్రుడైన జాన్‌స్టనునకు వ్రాసిన లేఖలో ఒప్పుకొనెను. అన్ని మతములవారిని అన్ని తెగలవారిని సమాధానపఱచి తన పనికి అనుకూలురను జేసిన మంచి గుణము బొర్రయ్యదని కూడ ఆయన తలచుకొనెను. అప్పటికి బొర్రయ్యగారు పోయి పదునాలుగేండ్లయినది.

1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పు సుల్తాను మరణించెను. మైసూరు రాజ్యమును పంచుకొన్న పిమ్మట ఆ దేశమును కొలుచు పని మెకంజీకి అప్పగింపబడెను. గొలుసులు, దుర్భిణీలు, జెండాలు పట్టుకొని కొలతవారు పోవుచుండగా, వారి వెంబడి బొర్రయ్యగారు వేఱొక కొలత కొలుచుచు పోవుచుండిరి. ఆ కొలత యెట్టిదో కొంచెము వివరింపవలెను. మన విషయమునకు ముఖ్యమైనది అదియే.

ఒక యూరికి పోయినప్పుడు మొదట చూడవలసినది శాసనములు. గుడి గోడ మీద, కోట వాకిట, చెఱువు తూము దగ్గఱ, పొలము గట్టున నిలిచిన ఱాళ్ల మీద ఏ యక్షరములున్నను తీసుకొనవలెను. రెండవది కరణము నొద్ద నుండు కవిలె. కవిలె యనగా గ్రామపు భూమి, సరిహద్దు, మాన్యములు, వచ్చిన పాలకులు, పోయిన పాలకులు మున్నగు సంగతులను తరతరములుగా వ్రాసి యుంచిన దప్తరము. మూడవది ఇనాముదారుల యొద్ద నుండు తామ్రశాసనములు, సన్నదులు. నాలుగవది వృద్ధుల నోటిమాట. అయిదవది పాళెగాండ్ర యొద్దను, మఠముల యొద్దను, అగ్రహారీకుల యొద్దను ఉండు వంశావళులు. ఈ యయిదింటిని విని, నకలు వ్రాయించి, ఒకదానితో నొకటి పోల్చి, ఆ యూరి సంగతిని ఒక కైఫీయతుగా కూర్చుట బొర్రయ్యగారి పద్ధతి. ఆయన తరువాత తమ్ముడు లక్ష్మయ్యగారును, వారి చేతిక్రింద దేశమంతట తిరిగిన గుమాస్తాలును ఈ మార్గముననే నడచిరి.

చెప్పుటకు ఇది సులభముగా నున్నది. చేయుట సులభము కాదు. కుంపిణీ వారి మనిషి వచ్చి తాతగారి పేరేమి, ఈ మాన్యము ఎవరిచ్చిరి, కాగితము చూపుడని యడిగినచో, ఆ కాలమున ఏ గృహస్థునకైనను గుండె ఝల్లుమనును. మాన్యము జప్తు చేయుటకే వచ్చినాడని సందేహము. ఆ సందేహము పూర్తిగా తప్పు కాదు కూడ. కుంపిణీ వారు పన్నుల నిర్ణయమును ఇనాముల విచారణను తలపెట్టుచున్న దినములవి. కొందఱు పెట్టె తాళము పోయినదనిరి. కొందఱు తురకల దండులో కాలిపోయినదనిరి. అట్టివారి వాకిట అరుగు మీద కూర్చుండి, వారి భాషలో మాటాడి, వారి దైవమును స్తుతించి, పెట్టె తెఱపించుట ఒక విద్య. ఆ విద్య దొర వద్ద లేదు, బొర్రయ్య వద్ద నున్నది.

తెఱచిన పెట్టెలో నున్న దంతయు సత్యమా? ఇది రెండవ చిక్కు. పాళెగాండ్ర వంశావళులను చూచినచో, అయిదాఱు తరముల వఱకు మనుష్యుల పేళ్లు, మనుష్యుల పనులు కనబడును. ఫలానివాడు ఫలాని రాయల కొలువులో బంట్రోతుగా జేరెను, పులిని చంపెను, పల్లెను మాన్యముగా బడసెను. అంతకు పైన పోయినచో చటుక్కున సూర్యుడో చంద్రుడో కనబడును. నడుమ నున్న వేయి సంవత్సరములు మాయము. తన హక్కును కాపాడుకొనదలచినవాడు తాతను గొప్పవానిని చేయుట మనుష్య స్వభావము. బొర్రయ్యగారు ఈ కథలను చించివేయలేదు, నమ్మి మ్రొక్కనూ లేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాయించుకొని, ప్రక్కన శాసనమును పెట్టిరి. ఆ యూరి ఱాతి మీద శకవర్షము చెక్కియున్నది. కథలోని తాత ఆ వర్షమున నుండుటకు వీలగునా, కాదా? వంశావళిని గౌరవించుచునే పరీక్షించు నీ యలవాటు మన దేశచరిత్ర రచనకు తొలిమెట్లలో నొకటి.

హళెగన్నడపు లిపిని చదువుటలో బొర్రయ్యగారికి గల నేర్పు ప్రత్యేకముగా చెప్పదగినది. వాడుక దప్పిన యక్షరములను స్థానిక పండితుల సాయముతో కూడబలుకుకొని, మైసూరు సీమలోని పాతశాసనములను చదివిరి. జైనులను గూర్చి ఆయన చేసిన పని యింకను పెద్దది. ముదిగెరె యందలి యొక జైనాచార్యుని యడిగి, ఆ మతస్థుల యాచారములను, గురుపరంపరను, కాలగణనమును వ్రాసికొని ఇంగ్లీషున కెత్తిరి. అది కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి పరిశోధన సంపుటములలో తొమ్మిదవ దానియందు 1807లో అచ్చుపడెను. శీర్షిక క్రింద అనువాదకుని పేరుగా బ్రాహ్మణుడైన కావలి బొర్రయ్య పేరే యున్నది. వైదిక సంప్రదాయమున బుట్టిన యువకుడు జైన యతి యెదుట శిష్యునివలె కూర్చుండి, తన మతమునకు విరుద్ధమైన మాటలను వంకరలేక వ్రాసికొనుట సామాన్యమైన విషయము కాదు. అచ్చయిన దానిని చూచుకొను భాగ్యము మాత్రము ఆయనకు లేకపోయెను.

1803లో బొర్రయ్యగారు కాలధర్మము నొందిరి. వయస్సు ఇరువదియాఱో, ఇరువదియేడో. మెకంజీ యాయన జ్ఞాపకార్థము చెన్నపట్టణపు సముద్రతీరమున నొక కట్టడమును నిలిపించెనని రామస్వామిగారు వ్రాసిరి. పనిచేసినది ఏడేండ్లు మాత్రమే. ఆ యేడేండ్లలో వేసిన దారి మీద మఱి పదునెనిమిదేండ్లు పని నడచెను.

ఇక మన ప్రశ్నకు వత్తము. ఊరూర వంశములను వెదకిన యీ మహనీయుని ఇంటిపేరు ఎక్కడిది? నెల్లూరు సీమలో కావలి యను పట్టణము కలదు. నియోగుల యిండ్లపేళ్లు చాలవఱకు ఊళ్లపేళ్లే గావున, ఆ యూరినుండి యెప్పుడో ఏలూరునకు వలసపోయిన కుటుంబమని తలచుట సహజము. కావలి యనగా కాపుదల యని యర్థము. పాళెగాండ్ర కాలమున కావలి హక్కు, కావలి రుసుము అను మాటలు దక్షిణదేశమంతట వాడుకలో నుండెను. ఆ యుద్యోగము వలన వచ్చెనేమో యని మఱియొకడు వాదింపవచ్చును. మూడవవాడు మఱింత చమత్కారి. జీవితమంతయు కవిలెలను చదివిన యింటివారు గనుక కవిలెయే కావలి యయ్యె ననును! వినుటకు సొంపుగా నున్నది. దీనికి ఆధారము మాత్రము ధ్వని సామ్యము తప్ప మఱియేమియు లేదు. మనలో నూటికి తొంబది ఇంటిపేళ్ల వ్యుత్పత్తులు ఇట్టివే యని చెప్పుటకు నాకు సంకోచము లేదు. మాట వినబడినంతనే అర్థము కట్టుట సులభము. బొర్రయ్యగారే యైనచో మొదట కవిలె చూపుడని యడిగియుందురు.

ఊరిపేరు గల యింటిపేరు వలసకు సాక్ష్యమిచ్చుటలో ఎంత బలమైనదో రెండు ప్రసిద్ధోదాహరణములు చాలును. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో తిరుత్తణిలో జన్మించెను. 1960 వఱకు ఆ యూరు మన చిత్తూరు జిల్లాలోనిదే. సర్వేపల్లి మాత్రము నెల్లూరు సీమలోనిది. మైసూరు దివానుగా పేరొందిన విశ్వేశ్వరయ్యగారు కోలారు ప్రాంతపు ముద్దేనహళ్లిలో పుట్టి కన్నడదేశమునకు సేవ చేసిరి. ఆయన పేరునకు ముందున్న మోక్షగుండము గిద్దలూరు ప్రాంతపు పల్లె. అరవదేశమునకు పోయిన మనవారి యింటిపేరు ఒక్క యక్షరముగా ముడుచుకొనిపోవును. అటుపిమ్మట రెండు తరములకు ఆ యక్షరమునకు విప్పు చెప్పువారుండరు. అందువలన పలమనేరు, కుప్పము, హోసూరు, కోలారు ప్రాంతముల మన యిండ్లలో ఈ పేళ్లను విప్పి వ్రాసి యుంచుట అవసరము.

డి.ఎన్.ఏ. పరీక్ష ఈ పనికి ఎంతవఱకు సాయపడును? దీనిని తెలిసినంత మట్టుకు చెప్పెదను. మగవానిలో వై క్రోమోజోము అనునది యొకటి కలదు. అది తండ్రినుండి కొడుకునకు మాత్రమే, ఇంచుమించు మార్పు లేక, సంక్రమించును. మన యింటిపేరును గోత్రమును నడచు దారియు నదియే. కావున రెండు కుటుంబముల పురుషుల వై క్రోమోజోములను పోల్చినచో, వారి పితృపరంపర యెన్ని తరముల క్రింద నొక్కటియై యుండునో స్థూలముగా లెక్క కట్టవచ్చును. స్థూలముగా ననుటలో అర్థమున్నది. ఆ లెక్కలో రెండుమూడు వందల యేండ్లు ఇటో అటో పోవుట సామాన్యము. తేదీ గాని, ఊరి పేరు గాని ఆ క్రోమోజోము మీద వ్రాసి యుండదు.

ఇంటిపేరు ఒక్కటియై గోత్రములు వేఱైన రెండు కుటుంబములను తీసికొందము. వారి వై క్రోమోజోములు కలియకున్నచో ఆశ్చర్యపడ బనిలేదు. ఒక్క యూరినుండి బయలుదేరిన వేఱువేఱు వంశములవారు ఆ యూరి పేరును మోసికొని వచ్చిరని తెలియును. ఇంటిపేరును గోత్రమును ఒక్కటియై క్రోమోజోములు వేఱైనచో? అప్పుడు కొందఱు తొందరపడి చెడు తలంపులకు పోవుదురు. పోగూడదు. మనలో దత్తత యెంత సామాన్యమో అందఱెఱుంగుదురు. సంతు లేనివాడు అక్క కొడుకునో, కూతురు కొడుకునో దత్తు చేసికొనును. ఆ బాలుడు ఇంటిపేరును గోత్రమును పుచ్చుకొని, తర్పణములు విడిచి, వంశమును నిలుపును. శాస్త్రమునకు వాడే కొడుకు. క్రోమోజోమునకు మాత్రము వాడు వేఱింటివాడు. రాయలసీమలో కొన్ని కులములయందు ఇల్లటపుటల్లుని ఆచారమున్నది. అక్కడ ఆస్తియు ఇల్లును ఒకరివి, రక్తము మఱియొకరిది. కాబట్టి పరీక్ష ఫలితమునకు ప్రక్కన దత్తతపత్రమును, పాత జాబును, కవిలెను పెట్టి చదువని యెడల అది కుటుంబములో వట్టి కలతకే కారణమగును. మా బంధువుల యొక యింట ఇట్టి కలత నేను కన్నులార చూచితిని. ఆఱు నెలలు మాటలు లేవు. తుదకు అటక మీది పెట్టెలో ముత్తాతగారి దత్తతకాగితము దొరకి అందఱును సిగ్గుపడిరి.

ఇంకొక లెక్క చూడుడు. బొర్రయ్యగారు పుట్టి నేటికి సుమారు 250 సంవత్సరములు. తరమునకు 25 ఏండ్ల చొప్పున పది తరములు. పదవ తరమున ప్రతి మనుష్యునకును 1,024 మంది పూర్వుల స్థానములుండును. మేనరికములు చేసికొను మనలో ఒకే తాత పది స్థానములలో కనబడవచ్చును గనుక మనుష్యులు అంతకంటె తక్కువ. అయినను, ఇంటిపేరు తెలుపునది అందులో ఒక్కని సంగతి మాత్రమే. తక్కినవారందఱును ఇంటిపేరు మఱచిపోయినవారు. అందు సగము మంది స్త్రీలు. మైటోకాండ్రియా యను కణభాగములోని డి.ఎన్.ఏ. తల్లినుండి బిడ్డలకు వచ్చును. అమ్మకు అమ్మ, ఆమెకు అమ్మ, ఇట్లు పోవు దారి యది. ఈ దారికి మన తెలుగున ఒక పేరైనను లేదు. వంశావళులలో స్త్రీల పేళ్లు వ్రాయలేదు. బొర్రయ్యగారు సేకరించిన వంశవృక్షములలోను ఈ కొఱత గలదు. అది ఆయన తప్పు కాదు, చెప్పినవారు చెప్పలేదు. ఇప్పుడు మన యిండ్లలో వ్రాయువారైనను పుట్టినింటి పేరుతో సహా స్త్రీల పేళ్లు వ్రాయుదురు గాక.

జాతుల పుట్టుకను గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పినదియు వినదగినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులైన లాల్జీ సింగు, తంగరాజు గారలును, అమెరికాలోని రైకు మున్నగువారును కలసి 2009లో నేచరు పత్రికలో నొక పరిశోధనను ప్రకటించిరి. 25 సమూహములకు చెందిన 132 మందిని, ఒక్కొక్కరిలో అయిదు లక్షల అఱువదివేల పైచిలుకు స్థానములయందు పరీక్షించిరి. ఈ దేశపు జనులలో అధికసంఖ్యాకులు రెండు ప్రాచీన జనసముదాయముల కలయిక వలన నేర్పడినవారనియు, ఆ పాళ్లు ఒక్కొక్కరియందు ఒక్కొక్క విధముగా నున్నవనియు వారు నిర్ణయించిరి. 2013లో వెలువడిన మఱియొక పరిశోధనలో ఆ కలయిక సుమారు 4,200 ఏండ్లనాటినుండి 1,900 ఏండ్లనాటి వఱకు జరిగెననియు, అటుపిమ్మట తమలో తాము పెండ్లియాడు ఆచారము గట్టిపడెననియు చెప్పబడెను. అనగా కులసభలలో మనము తఱచుగా వినెడు స్వచ్ఛమైన రక్తమను మాటకు ఈ పరీక్షలలో చోటు లేదు. సూర్యచంద్రుల దాక పోయిన పాళెగాని వంశావళికిని, ఆ మాటకును భేదము లేదు. ఈ సంచికలో ఇట్టి మాట వ్రాయుట కొందఱికి రుచింపకపోవచ్చును. బొర్రయ్యగారి చరిత్ర వ్రాయుచు దీనిని దాచుట ఆయనకు అపచారమగునని వ్రాసితిని.

ఈ పరీక్షల వలన కలుగు నిజమైన మేలు వేఱొకటి యున్నది. కొలదిమంది మూలపురుషుల నుండి పెరిగి, వెలివివాహములు లేక యున్న సమూహములలో కొన్ని జబ్బులు కూడబెట్టబడి యుండును. మన తెలుగుదేశపు వైశ్య సోదరులలో కొందఱికి శస్త్రచికిత్సకు ముందిచ్చు స్కోలిను అను మందు త్వరగా విఱుగక, ఊపిరి తీయు కండరములు చాలసేపు మొద్దుబాఱి యుండునని వైద్యులెఱుంగుదురు. ముందుగా దెలిసినచో ఆ మందును మానవచ్చును. ప్రాణము దక్కును. తాత ఊరు తెలియకపోయినను కలుగు నష్టము కొంచెము. ఇది తెలియకున్నచో కలుగు నష్టము పెద్దది. దగ్గఱి మేనరికములు చేయు మనవారును ఈ విషయమున వైద్యుల నడుగుట మంచిది.

బొర్రయ్యగారి తరువాత కథ త్వరగా చెప్పి ముగించెదను. లక్ష్మయ్యగారు పండితులకు ముఖ్యులై పనిని విస్తరింపజేసిరి. 1815లో మెకంజీ హిందూదేశమున కంతటికి మొట్టమొదటి సర్వేయరు జనరలు అయ్యెను. 1821 మే 8వ తేదీన మరణించెను. ఆయన భార్య యొద్దనుండి ఆ సేకరణను సర్కారువారు కొనిరి. విల్సను పండితుడు 1828లో ప్రకటించిన పట్టిక ప్రకారము అందు 1,568 వ్రాతపుస్తకములు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనముల నకళ్లు, 6,218 నాణెములు, 2,630 చిత్రములు ఉండెను. కొంత లండనునకు పోయెను, దక్షిణభాషల వ్రాతలు చెన్నపట్టణమునకు వచ్చెను. బ్రౌను దొర శిథిలమగుచున్న తెలుగు కైఫీయతులకు నకళ్లు వ్రాయించి సంపుటములుగా కట్టించెను. కడప జిల్లా కైఫీయతులు మన కాలమున అచ్చయినవి. ఇంటిపేరును వెదకువాడు ఉమ్మినీరు పంపుటకు ముందు తన యూరి కైఫీయతును ఒకసారి చదువుట మంచిది. ఊరి కరణముల పేళ్లు, అగ్రహారీకుల గోత్రములు అందు పలుచోట్ల కనబడును.

రామస్వామిగారు గ్రంథకర్తయై, దక్కను నగరముల వర్ణనమును, కవుల చరిత్రమును, 1836లో పాకశాస్త్రమును గూర్చి యొక పుస్తకమును గూడ ఇంగ్లీషున ప్రకటించిరి. లక్ష్మయ్యగారు చెన్నపట్టణమున హిందూ లిటరరీ సొసైటీకి అధ్యక్షులై, అన్నగారు మొదలిడిన పనిని తన చేతిమీదుగా పూర్తిచేయుటకు అనుమతి యిమ్మని 1830ల దశాబ్దమున సర్కారువారిని కోరిరి. విషయము కలకత్తా ఆసియాటిక్ సొసైటీ వారి యభిప్రాయమునకు పంపబడెను. స్వదేశీయుడైన పండితుడు పోగుచేయుటకు తగునుగాని, విమర్శించి చరిత్ర వ్రాయుటకు చాలడని వారు తలచిరి. నలువదేండ్లు ఆ పనిలో తల నెఱసిన మనుష్యునకు వచ్చిన జవాబు అది. పని విలియము టెయిలరు అను పాదిరికి పోయెను.

1816లో థామసు హికీ యను చిత్రకారుడు మెకంజీ పటమును చెన్నపట్టణమున వ్రాసెను. అది లండనులో నున్నది. ఎఱ్ఱని దుస్తులు ధరించిన దొర నడుమ నిలిచియున్నాడు. దుర్భిణి పట్టుకొని కిష్టాజీ యను బంట్రోతు ప్రక్కన నున్నాడు. మఱి యిద్దఱు పండితులు దొర ప్రక్కల నున్నారు. వారిలో నొకరు లక్ష్మయ్యగారని చెప్పుదురు. వెనుక, దూరమున, కొండ మీద గోమఠేశ్వరుని విగ్రహము చిన్నదిగా కనబడును. జైనుల సంగతి దొరకు మొదట వివరించిన బొర్రయ్యగారు ఆ పటమున లేరు. అప్పటికి వారు గతించి పదుమూడేండ్లు.